ఆదివారం తీసిన రోడ్డు

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఈ రోజు ఎడమ చెయ్యి వదిలి సైకిలు తొక్కాను. చెయ్యి చాపి మలుపు చూపించి, మళ్ళీ హ్యాండిల్ పట్టుకున్నాను. పడలేదు.

వెనక నుంచి మణి అక్క, "మా కెజియా ట్రాఫిక్ పోలీసైపోయిందిరోయ్" అని అరిచింది. వినడానికి రోడ్డు మీద ఎవరూ లేరు. బర్కా తోటల మధ్య ఈ రోడ్డు శుక్రవారం పొద్దున ఇలాగే ఉంటుంది. రెండు పక్కలా మట్టిరంగు గోడలు, గోడల మీంచి వంగిన ఖర్జూరపు మట్టలు. మేకలు రోడ్డు మధ్యలో పడుకుని, మేము గంట కొట్టినా లేవవు. మేమే పక్కనుంచి పోవాలి.

ఎప్పటిలాగే భూమయ్య తోట గేటు దగ్గర నీళ్ళిచ్చాడు. ఆయనది జగిత్యాల వైపు. తోటలో పని.

"మా ఊర్ల సైకిల్ ఉన్నోడు మోటర్ కొనాల్నని సూస్తడు. మీరేంది బిడ్డా, మోటర్ల సైకిల్ ఏసుకొని ఇంత దూరమొచ్చి తొక్కుతున్రు?"

"ఇది మా డ్యూటీ భూమయ్యా" అంది అక్క.

"గిసొంటి డ్యూటీ నాకు సుత ఇప్పియ్యరాదు."

నిజంగా డ్యూటీయే. సైకిలు తొక్కడం రానివాళ్ళు సైకిలు దారుల గురించి రాయకూడదని నేను చేరిన రోజే మా ఆఫీసు జువేరియా మేడమ్ చెప్పింది. అప్పటికి నాకు రాదు. తొమ్మిదో తరగతిలో బడివాళ్ళు ఇచ్చిన సైకిలు నాన్నకు చేపల బుట్ట కట్టుకోవడానికి పనికొచ్చింది. నేను బడికి నడిచే వెళ్ళాను. ఇక్కడ ఇరవై నాలుగేళ్ళు వచ్చాక, నలభై దాటిన అక్క సీటు పట్టుకుని వెనకాల పరిగెత్తుతుంటే నేర్చుకున్నాను. ఎప్పుడు వదిలేసిందో నాకు తెలియలేదు. వెనక్కి చూస్తే దూరంగా నిలబడి నడుము పట్టుకుని నవ్వుతోంది.

సొంత అక్క కాదు గానీ, అక్క లేకపోతే నాకు ఈ గల్ఫ్ దేశం లేదు. ఈ ఉద్యోగం చూపించింది అక్క, రూవిలో తన ఫ్లాట్‌లో గది ఇచ్చింది అక్క. ఇది అప్పుడప్పుడు రాసుకోవాలి, మర్చిపోకుండా.

ఫిబ్రవరి 9, ఆదివారం

పద్నాలుగో దారి. అక్క మ్యాపు మీద గీసింది, నోట్సు నాది. అన్ని దారులకీ అంతే. తను గీసిన గీత వెంట, కెమెరా కారు తిరిగి తీసిన రోడ్డు ఫోటోల్లో, నేను ఫోటో ఫోటోగా నడుస్తాను. ఎక్కడ కుడికి తిరగాలో, ఎక్కడ నీళ్ళు దొరుకుతాయో, ఎక్కడ ఎత్తు మొదలవుతుందో రాస్తాను. లండన్ వాళ్ళు దాన్ని పుస్తకం వేసి, ఫ్రాన్సు పల్లెల్లో సైకిలు తొక్కడానికి వెళ్ళేవాళ్ళ చేతిలో పెడతారు. ఘుబ్రాలో మందుల షాపు పైనున్న మా ఆఫీసులో, ఏసీ నీళ్ళు బకెట్‌లో పడుతున్న చప్పుడు వింటూ, నేను రోజంతా ఫ్రాన్సులో తిరుగుతాను.

బండ్లు రాని రోడ్డును గుర్తుపట్టడం అక్కే నేర్పింది. తారు మధ్యలో గడ్డి మొలిచి ఉండాలి. తెల్లగీత ఉండకూడదు. కుక్క రోడ్డు మీద పడుకుని ఉంటే ఆ దారి కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. ఇల్లు ఒక పక్క, దాని పోస్టు డబ్బా అవతలి పక్క ఉన్నా మంచిదే. ఆ ఇంటి ముసలమ్మకు రోడ్డు దాటడం భయం కాదన్నమాట.

ఈ దారిలో మోంబ్రెల్ అనే ఊరు దాటాక ఒక వాగు, వాగు మీద పాత పిండిమిల్లు. అక్కడి నుంచి రోడ్డు వాగు పక్కనే పోతుంది, రెండు వైపులా పొడుగాటి చెట్లు. ఇక్కడ గడ్డి మొలవలేదు, కుక్క కూడా లేదు. కానీ చివరి వరకు చూశాను, ఒక్క బండి లేదు. అంత అందమైన రోడ్డు ఇంతవరకు నా స్క్రీన్ మీదికి రాలేదు.

ఫిబ్రవరి 11

మిల్లు రోడ్డు గురించి నేను రాసింది మేడమ్ అందరికీ చదివి వినిపించింది. అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "ఏ రోడ్డే?" అంది.

ఫిబ్రవరి 17, సోమవారం

శుక్రవారం నా సైకిలు పంక్చరై భూమయ్య గేటు దగ్గర వదిలేశాం. దాన్ని తీసుకురావడానికి మేడమ్‌ను అడిగి, అక్క భర్త ప్రేమచంద్ బావగారితో పికప్‌లో ఈ పొద్దున వెళ్ళాను.

దారి తప్పామనుకున్నాను. "ఇది ఆ రోడ్డేనా బావగారూ?" అని అడిగాను కూడా.

టిప్పర్లు. ఒకదాని వెనక ఒకటి కంకర నింపుకుని సైట్లకు పోతున్నాయి. గోడకీ చక్రానికీ మధ్య మనిషి పట్టేంత చోటు లేదు. మేకలన్నీ లోపల కట్టేసి ఉన్నాయి. నిండు టిప్పరు నేలంతా అదురుతూ మెల్లగా పోతుంది. ఖాళీది గలగలా డబ్బాలు దొర్లినట్టు పోతుంది. కళ్ళు మూసుకున్నా ఏది ఏదో తెలుస్తుంది.

"ఇయ్యాల తొక్కి సూపియ్యి బిడ్డా" అని భూమయ్య నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నిండు బండ్లు పోయే వైపు ఖర్జూరపు మట్టలన్నీ కంకర దుమ్ముతో తెల్లగా ఉన్నాయి. అవతలి వైపువి పచ్చగానే ఉన్నాయి. శుక్రవారాలు కూడా ఆ మట్టలు అలాగే ఉండి ఉంటాయి. నేను చూసుకోలేదు.

ఒక వైపు తెలుపు, ఒక వైపు పచ్చ. ఇది ఇంకెక్కడో చూశాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

మిల్లు రోడ్డులో.

ఎడమ చెట్లు తెల్లగా ఉన్నాయి. పూత అనుకున్నాను. పూత అని నోట్సులో రాశాను కూడా. పూస్తే రెండు వైపులా పూయదా? పైనుంచి తీసిన ఫోటోలో చూస్తే కొండ వెనక పెద్ద తెల్లటి గొయ్యి ఉంది. రాతి క్వారీ.

మరి లారీలేవి? మళ్ళీ మోంబ్రెల్ ఊళ్ళోకి వెళ్ళి ఒక్కొక్క ఫోటో చూశాను. చర్చి చుట్టూ గడ్డి మీద కార్లు ఆపి ఉన్నాయి. కోటు వేసుకున్నాయన చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. ఆడవాళ్ళు మంచి బట్టల్లో గుంపుగా మాట్లాడుకుంటున్నారు. అన్ని షాపులూ మూసి, రొట్టెల షాపు ఒక్కటే తెరిచి ఉంది. ఇది నాకు తెలియనిదా? ఆరాధన వదిలాక మా ఊళ్ళో మందిరం బయట నిలబడేది ఇలాగే.

ఫోటోల కారు ఆ ఊరికి ఆదివారం వచ్చింది. ఫోటో కింద నెల, సంవత్సరం ఉంటాయి. వారం ఉండదు.

ఇక్కడికి వచ్చాక ఆదివారం మాకు డ్యూటీ రోజు. సెలవు శుక్రవారం, చర్చి శుక్రవారం సాయంత్రం. పన్నెండేళ్ళుగా ఇక్కడ ఉన్న అక్కకైతే ఆదివారం పొద్దున అంటే ఆఫీసు తాళం తీయడమే. ఆదివారం లారీలు తిరగవని ఇద్దరు క్రైస్తవులకు గుర్తు రాలేదు.

సాయంత్రం వంటింట్లో అక్క చేపలు తోముతుంటే చెప్పాను. మొత్తం చెప్పాను. తెల్ల చెట్లు, క్వారీ, చర్చి ముందు మనుషులు. అక్క కుళాయి కట్టేసింది.

"పద్నాలుగో దారి నిన్ననే లండన్ పోయిందే."

"అయితే మేడమ్‌కి ఇప్పుడే చెబుదాం అక్కా."

"నువ్వు చెప్పకు." చేతిలోని చేపను పక్కన పెట్టింది. "గీసింది నేను. మీ బావకి పని లేదు, చిన్నదాని స్కూలు ఉంది. ఇలాంటప్పుడు నీ నోటి నుంచి పోతే మేడమ్ ఇంకోలా అనుకుంటది. నేనే చెప్తా, చెప్పే పద్ధతిలో. సరేనా?"

"మర్చిపోవుగా?"

"ఒసేయ్, మనుషులు తిరిగే రోడ్డే అది. మర్చిపోతానా?"

రాత్రి నా కంచంలో పెద్ద ముక్క వేసింది.

ఫిబ్రవరి 27, గురువారం

కారులో అడిగాను. "చెప్పావా అక్కా?"

"చెప్పానే. మార్చేస్తారంట."

మనసు తేలికపడింది. అక్క అద్దం మీద దుమ్ము పోవడానికి నీళ్ళు చల్లి వైపర్లు వేసింది. దుమ్ము పోయాక కూడా చాలాసేపు అవి తిరుగుతూనే ఉన్నాయి.

మార్చి 13, గురువారం

ఎలా రాయాలో తెలియడం లేదు.

రంజాన్ కదా, ఆఫీసు మధ్యాహ్నానికే వదిలేస్తున్నారు. వదిలే ముందు మేడమ్ పిలిచింది. మే నెలాఖరులో లండన్ వాళ్ళు ఇక్కడి నుంచి ఒకరిని ఫ్రాన్సు తీసుకెళ్తారట. మనం రాసిన దారుల్లో సైకిలు తొక్కించి, రాసింది సరిగ్గా ఉందో లేదో చూపిస్తారట.

"దేఖో అమ్మాయ్, మణికి ఇల్లుంది, పిల్లుంది. నువ్వెళ్ళు. నీ కళ్ళు బాగా చూస్తయ్" అంది మేడమ్.

అక్క నన్ను గట్టిగా పట్టుకుంది. సాయంత్రం రూవిలో షాపుకు తీసుకెళ్ళి సైకిలు గ్లవ్స్ కొనిచ్చింది. ఎర్రవి. "అక్కడ పొద్దున్నే చలిగా ఉంటదంట, వేళ్ళు కొంకర్లు పోతయ్" అంది. ఆ గ్లవ్స్ తోనే అన్నం తినబోయానని బావగారు నవ్వారు.

అమ్మకు చెప్పాను.

"ఆ రోడ్లో ఎవరూ ఉండరా?"

"ఉండరమ్మా. అదే గొప్ప."

"ఎవరూ లేని రోడ్లో ఆడపిల్ల ఒక్కతే పోవడం గొప్పేంటే? పడితే లేపేవాళ్ళుండాలిగా."

అమ్మ పొద్దుటి నుంచి రొయ్యలు ఒలిచి వచ్చింది. వేళ్ళు మండుతున్నాయని, ఫోను చెల్లెలిని పట్టుకోమంది. అమ్మ వేళ్ళకు కూడా ఇలాంటి గ్లవ్స్ పంపాలి. ఇవి కాదు, రబ్బరువి.

ఏప్రిల్ 6

పుస్తకం అచ్చయి వచ్చిందట. ఒక కాపీ మేడమ్ బల్ల మీద ఉంది. నేను తీయలేదు. అక్క చెప్పిందిగా.

ఏప్రిల్ 18, శుక్రవారం

మంచి శుక్రవారం. సిలువ మీద పలికిన ఏడు మాటల్లో మూడో మాట మీద మాట్లాడే వంతు అక్కకు వచ్చింది. తల్లిని ఇంకొకరి చేతికి అప్పగించిన మాట. అక్క మైకు ముందు కళ్ళు తుడుచుకుంది.

"పరాయి దేశంలో దేవుడు నా చేతికి ఒక చెల్లిని అప్పగించాడు. తనని పడిపోకుండా పట్టుకోవడం నా పని" అంది.

అందరూ నా వైపు తిరిగారు. పక్కనున్న ఎవాంజలిన్ సిస్టర్ నా తొడ మీద తట్టింది. ఆవిడ రూవిలోనే నర్సు, మా కోయిర్‌లో పెద్ద గొంతు.

పుస్తకం ఇంకా అక్కడే ఉంది. చూస్తే అక్కను అనుమానించినట్టే. అందుకే చూడటం లేదు. అందుకే.

మే 11, ఆదివారం

మిల్లు రోడ్డులో ఒకావిడను లారీ గుద్దింది.

రిటైరైన టీచరట. కాలు రెండు చోట్ల విరిగింది, బతికే ఉంది. బతికే ఉందని మేడమ్ రెండుసార్లు చెప్పింది. శుక్రవారం పొద్దున జరిగిందట. అదే పొద్దున నేనూ అక్కా బర్కాలో మేకలను తప్పించుకుంటూ తొక్కుతున్నాం.

పుస్తకం తీశాను. పద్నాలుగో దారి. నా వాక్యాలు ఒక్క అక్షరం మారలేదు. ఎడమ వైపు చెట్లు తెల్లగా పూస్తాయని కూడా అలాగే ఉంది.

అక్క తన స్క్రీన్ వైపే చూస్తోంది. లండన్ వాళ్ళే మార్చడం మర్చిపోయారేమో. అక్క చెప్పే ఉంటుంది. వాళ్ళే మర్చిపోయి ఉంటారు.

మే 13, మంగళవారం

మీటింగ్. స్క్రీన్ మీద లండన్ వాళ్ళు ముగ్గురు. వాళ్ళు అడిగినవాటికి మేడమ్, అక్క జవాబులు చెప్పారు.

"దారి గీసింది నేనే. కానీ రోడ్డు వెంట నడిచి చూసి రాసింది కెజియా" అంది అక్క. అది నిజమే.

తర్వాత అంది: "యాక్సిడెంట్ తెలిశాక నేను నిద్రపోలేదు. ఫోటోలన్నీ మళ్ళీ చూశాను. అవి ఆదివారం తీసినవి. చర్చి ముందు మనుషులు ఉన్నారు. క్వారీ వైపు చెట్ల మీద దుమ్ము ఉంది. ఒక వైపే ఉంది."

ఒక వైపే. నేను వంటింట్లో అన్న మాటే. చెప్పేటప్పుడు నేనెలా చెయ్యి తిప్పానో అక్క కూడా అలాగే తిప్పింది.

స్క్రీన్ మీద ఒకాయన చాలా బాగా పట్టుకున్నారని మెచ్చుకున్నాడు.

నేను అన్నాను. "ఇది నేను ఫిబ్రవరిలోనే చెప్పాను."

"ఎవరికి?" అని మేడమ్ అడిగింది.

నేను అక్క వైపు చూశాను. అక్క నా వైపు చూసింది. కోపంగా కాదు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. సీటు పట్టుకుని పరిగెత్తిన రోజుల్లో చూసినట్టే చూసింది.

"పాపం, భయపడిపోయింది మేడమ్. చిన్నపిల్ల" అంది.

మే 14

మీటింగ్ తర్వాత మేడమ్ పిలిచి చెప్పింది. నోట్సు ఇక నేను రాయను, హోటల్ బుకింగులు టైపు చేస్తాను. జులైలో నా కాంట్రాక్టు అయిపోతుంది, మళ్ళీ రాయరు. ఫ్రాన్సుకు వచ్చే నెల అక్క వెళ్తుంది, ఆ దారి సరిచేయడానికి.

వంటింట్లో అక్క ముందుగా మాట్లాడింది.

"నీకు పెళ్ళా, పిల్లలా? ఇంకో ఉద్యోగం చూసుకుంటావ్. వయసుంది. నాకు ఇది పోతే ముగ్గురం రోడ్డున పడతాం."

"మేడమ్‌కి చెప్పానన్నావుగా అక్కా."

"చెబుదామనే అనుకున్నానే."

"చెప్పానన్నావు."

అక్క కూర తిప్పుతోంది. బావగారు గుమ్మం దాకా వచ్చి, మంచినీళ్ళ సీసా తీసుకుని వెళ్ళిపోయారు. ఆయనకు తెలుసు.

"ఆవిడ కాలు విరిగింది అక్కా."

"తెలుసే. నేను మనిషిని కాదా? రోజూ ప్రార్థన చేస్తున్నా ఆవిడ కోసం."

ఆ తర్వాత అడిగింది, అన్నం పెట్టనా అని. పెట్టమన్నాను. తిన్నాను. ఎందుకు తిన్నానో తెలియదు.

మే 16, శుక్రవారం

బర్కా వెళ్ళలేదు. తలనొప్పి అన్నాను.

అక్క మంచిదే. పన్నెండేళ్ళుగా ఒక్కతే ఇల్లు లాగుతోంది. భయపడింది, అంతే. భయపడితే మనుషులు అబద్ధం చెప్తారు. నేనైనా చెప్తాను.

నేను చెప్పను.

మే 20

ఎవాంజలిన్ సిస్టర్ వాళ్ళ రూమ్‌లో ఒక మంచం ఖాళీ అయింది. నేను ఎందుకని చెప్పకముందే, "ఎందుకో చెప్పక్కర్లేదు, దిండు తెచ్చుకో" అంది. బట్టలు సర్దుతుంటే గ్లవ్స్ కనిపించాయి. వదిలేద్దామనుకుని, తీసి సంచిలో వేసుకున్నాను.

మే 25, ఆదివారం

ఆ చెట్లు తెల్లగా పూస్తాయని రాసింది నేనే. ఇంకెన్ని చోట్ల అలా రాశానో.

బుకింగులు అయ్యాక అందరూ వెళ్ళేదాకా ఉండి, మొదటి దారి నుంచి మళ్ళీ నడుస్తున్నాను. ఈసారి రోడ్డు అందం చూడటం లేదు. వారం వెతుకుతున్నాను. బడి ముందు పిల్లలుంటే ఆదివారం కాదు. బట్టలు ఆరేసి ఉంటే చెప్పలేం. చర్చి తలుపులు తెరిచి, కార్లు అడ్డదిడ్డంగా ఆపి ఉంటే ఆదివారం. చేలో ట్రాక్టరు ఒంటరిగా నిలబడి, మనిషి లేకపోతే కూడా.

మే 28, బుధవారం

మరో రెండు దారులు దొరికాయి. ఒకటి కలప మిల్లుకు పోయే రోడ్డు. ఇంకొకటి పాల ట్యాంకర్ల రోడ్డు.

ఈసారి వంటింట్లో ఎవరికీ చెప్పలేదు. నేరుగా మేడమ్ గదిలోకి వెళ్ళి స్క్రీన్ తిప్పి చూపించాను. మేడమ్ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క ఫోటో చూసింది.

"మణి ఇవి చూళ్ళేదు కదా?"

"లేదు మేడమ్. నేనే చూశాను. మొదటిది కూడా నేనే చూశాను. ఫిబ్రవరిలో అక్కకు చెప్పాను."

"నాకెందుకు చెప్పలే?"

"అక్క చెప్తానంది."

"అక్క, అక్క." మేడమ్ కళ్ళజోడు తీసింది. "అరే అమ్మాయ్, ఇది ఆఫీసు. ఇక్కడ ఎవరు అక్క, ఎవరు చెల్లి? రోడ్డు మీద మనిషి ఉంటడని తెలిస్తే నన్ను నిద్ర లేపి చెప్పాలి. నిన్ను నమ్ముతున్నా. కానీ ఏం చెయ్యను, లండన్‌కి ఒకసారి తప్పు నీదని పేరు పోయింది. మళ్ళీ మార్చి చెప్తే రెండు పేర్లూ చెడతయ్, ఆఫీసు కూడా పోతది."

నా ముందే లండన్‌కు ఫోన్ చేసి ఆ రెండు దారులూ ఆపించింది. నేను విన్నాను, అక్క నోటి నుంచి కాదు, నా చెవులతో. అదొక్కటి నాకు కావాల్సింది.

నమ్ముతున్నానంది. నమ్మి కూడా.

జూన్ 13, శుక్రవారం

సాక్ష్యాల కూటం. అక్క వీసా వచ్చినందుకు సాక్ష్యం చెప్పింది. పెద్ద అవమానం నుంచి దేవుడు తన కుటుంబాన్ని తప్పించాడట. తనకు చూసే కళ్ళు ఇచ్చాడట. అందరూ స్తోత్రం అన్నారు. నేను కోయిర్‌లో నిలబడి ఉన్నాను, మైకుకు దగ్గరగా. పెదవులు కదిపాను, శబ్దం రాలేదు.

ఎవాంజలిన్ సిస్టర్ నన్నొకసారి చూసి, మా ఇద్దరం పాడాల్సిన తర్వాతి పాట తనొక్కతే పాడేసింది.

జూన్ 16, సోమవారం

అక్క రూమ్‌కు వచ్చింది. రేపు ప్రయాణం. మామిడికాయ పచ్చడి తెచ్చింది. సిస్టర్ డ్యూటీలో ఉంది. మంచం అంచున కూర్చుంది, బయట ఎండకు ముఖం కందిపోయి ఉంది.

"ఎలా ఉన్నావే?"

"బాగున్నాను."

"సన్నబడ్డావ్."

తర్వాత మెల్లగా అంది. "అక్కడ వాళ్ళు అడుగుతారంట. ఆదివారం అని ఎలా కనిపెట్టారు, మిగతావాళ్ళకి కూడా నేర్పండి అని. నాకు చర్చి ఒక్కటే గుర్తుంది. ఇంకా ఏవో చెప్పావు కదా, ఆ రోజు."

నేను అక్కనే చూస్తున్నాను. అక్క పచ్చడి సీసా మూత బిగిస్తోంది. అది బిగిసే ఉంది.

చెప్పకూడదనుకున్నాను. తప్పుగా చెప్పాలని కూడా అనిపించింది, ఒక్క క్షణం. అప్పుడు ఆ టీచరమ్మ కాలు గుర్తొచ్చింది. అక్క నేర్పినవాళ్ళు గీసిన దారుల్లోనూ ఎవరో తొక్కుతారు.

అన్నీ చెప్పాను. రొట్టెల షాపు, చేలో ఒంటరి ట్రాక్టరు, బడి ముందు పిల్లలు, చెట్లకు ఒక వైపే దుమ్ము. అక్క ఫోన్‌లో రాసుకుంది. మధ్యలో ఒకసారి, "ఇది మళ్ళీ చెప్పు" అంది. మళ్ళీ చెప్పాను.

లేచేటప్పుడు గోడకున్న మేకుకు తగిలించిన ఎర్ర గ్లవ్స్ వైపు చూసింది. "ఆ గ్లవ్స్ ఒకసారి ఇస్తావా? అక్కడ పొద్దున్నే చలిగా ఉంటదంట."

ఇచ్చాను.

తలుపు దగ్గర నా తల మీద చెయ్యి పెట్టింది. నేను కదలలేదు. పచ్చడి సిస్టర్‌కు ఇచ్చేశాను.

జూన్ 19, గురువారం

మధ్యాహ్నం ఆఫీసులో బుకింగులు చేస్తుంటే అక్క నుంచి ఫోటో వచ్చింది.

మిల్లు రోడ్డు. నాకు ఆ మలుపు తెలుసు. తర్వాత వాగు వస్తుంది. సైకిలు చెట్టుకు ఆనించి ఉంది, హ్యాండిల్ మీద ఎర్ర గ్లవ్స్. ఎడమ వైపు ఆకులు తెల్లగా, వేలితో గీస్తే గీత పడేంత తెల్లగా ఉన్నాయి. కింద రాసింది: "నువ్వన్నట్టే ఉందే. అచ్చం నువ్వన్నట్టే. నన్ను క్షమించు."

చదివాను. మళ్ళీ చదివాను. బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చుని మళ్ళీ చదువుదామని తెరిస్తే ఫోటో లేదు. మాటలూ లేవు. మెసేజ్ తీసేశారని ఒక్క ముక్క ఉంది.

ఎండ మెట్ల మీదికి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను.

కాసేపటికి అక్క ఫోన్ చేసింది. గాలి చప్పుడు, పిట్టలు. రోడ్డు మీదే ఉంది.

"కెజియా, ఏదో పొరపాటున నీకు వచ్చింది. ఇక్కడ సిగ్నల్ సరిగా లేదు. నువ్వేం చూళ్ళేదుగా?"

చూడలేదని అనడం ఎంత తేలికో నాకు తెలుసు. ఏప్రిల్ అంతా ఆ పుస్తకాన్ని చూడకుండానే గడిపాను.

"చూశానక్కా" అన్నాను.

పిట్టల చప్పుడు ఆగిపోయింది. తర్వాత అక్క వెనక నుంచి ఒక లారీ వస్తున్న చప్పుడు మెల్లగా పెరిగింది. నేల అదురుతున్న చప్పుడు. నిండుది.

"పక్కకు జరుగు అక్కా" అన్నాను. "జరిగి, అది పోయాక ఆ మాట నోటితో చెప్పు."